నది వెంట దారి ఉండగా ఇంకాలు కొండెందుకు ఎక్కారు?

పెరూ దేశంలో ఒల్లంతాయ్‌తాంబో అనే ఊళ్లో పొద్దున్నే రైలెక్కితే రెండు గంటల్లోపే ఇంకాల పాత కట్టడాలున్న మచు పిచ్చు కొండ కిందికి చేరుకోవచ్చు. పట్టాలు ఉరుబంబా నది ఒడ్డునే సాగుతాయి. ఎక్కుడన్నదే లేదు, నది ఎటు పల్లమైతే రైలూ అటే దిగుతుంది. ఇదే రైలు దారిలో 82వ కిలోమీటరు దగ్గర నది దాటి అవతలి గట్టు కొండల్లోకి మళ్లామంటే మాత్రం అదే మచు పిచ్చుకి నాలుగు రోజులు నడవాలి. దూరం సుమారు 43 కిలోమీటర్లు. దాన్నే ఇప్పుడు ప్రపంచమంతా ఇంకా ట్రైల్ అంటోంది.

ఈ రెండు దారుల్నీ మ్యాపు మీద పక్కపక్కన చూస్తే ఎవరికైనా ఒకటే అనుమానం వస్తుంది. కింద నది ఉంది, దాని వెంట పోతే సరిపోయేది. అలాంటిది 4,215 మీటర్ల ఎత్తుకి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగుతూ, పొడుగునా రాళ్లు పరిచి మరీ దారి వేయడమేమిటి? ఇనుము లేకుండా, బండి చక్రం లేకుండా, గుర్రమూ ఎద్దూ లేకుండా అంత పెద్ద రాజ్యాన్ని నడిపిన ఇంకాలు దగ్గర దారి తెలియక చుట్టూ తిరిగారంటే నమ్మలేం. ఈ చిక్కుముడి విప్పుకుంటే ఆ దారి గురించి మనం వినే మిగతా సంగతులు కూడా చాలావరకు అర్థమవుతాయి.

లోయ అంత తేలిక కాదు

ఇప్పుడు లోయ తేలిగ్గా కనిపించడానికి కారణం మందుగుండు. ఒల్లంతాయ్‌తాంబో దాటి కొంతదూరం పోయాక ఉరుబంబా నది గ్రానైట్ కొండల మధ్య ఇరుక్కుంటుంది. రెండు పక్కలా నిట్టనిలువు బండలు, వానాకాలంలో గట్టు మీద అడుగు పెట్టనివ్వని ప్రవాహం. 19వ శతాబ్దం చివర్లో పెరూ ప్రభుత్వం బండలు పేల్చి కంచరగాడిదలు నడిచే బాట వేయించేదాకా ప్రయాణికులు ఆ ఇరుకుని తప్పించుకుని వేరే కనుమ మీదుగా చుట్టు తిరిగి పోయేవాళ్లు.

ఇంకాల రాజ్యాన్ని గెలిచిన స్పెయిన్ వాళ్ల కంట మచు పిచ్చు పడకపోవడానికి ఇదొక కారణం. 'పోయిన నగరం' అనే మాట బాగా ప్రచారంలో ఉంది గానీ అది ఎవరికి పోయిందో అడగాలి. అమెరికన్ ప్రొఫెసర్ హైరమ్ బింగమ్ 1911 జులై 24న అక్కడికి చేరింది ఆ కొత్త బాట పట్టుకునే. దారి చూపింది మెల్చోర్ అర్తియాగా అనే స్థానిక రైతు. పైకి వెళ్లేసరికి ఇంకాల అంచెల పొలాల్లోనే మొక్కజొన్న, దుంపలు పండించుకుంటూ రైతు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. శిథిలాల మధ్య బింగమ్‌ని తిప్పి చూపించింది ఆ ఇళ్లలోని ఒక పిల్లవాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1902లో, అగుస్తిన్ లిసారగా అనే కుస్కో ప్రాంతపు రైతు అక్కడి గోడ మీద బొగ్గుతో తన పేరు రాసి వెళ్లాడు. బింగమ్ గొప్పతనం దాన్ని ప్రపంచానికి తెలియజెప్పడంలో ఉంది. కనిపెట్టాడనడం మాత్రం ఆ పొలం దున్నుకుంటున్నవాళ్లకి అన్యాయం.

అయితే లోయ కష్టమన్న ఒక్క జవాబుతో సరిపెట్టుకోలేం. ఎందుకంటే నది ఒడ్డున కూడా ఇంకాల కట్టడాలున్నాయి. చచాబంబా, చోకెసుయ్‌సుయ్ అనే రెండు చోట్లా రాతి గోడలు, నీటి తొట్లు ఈనాటికీ చూడొచ్చు. అంటే అవసరమైతే కిందికీ రాగలిగారు. పైన రాజమార్గం వేయడం వాళ్లు కోరి చేసిన పని.

ఎందుకు కోరుకున్నారో తెలియాలంటే మచు పిచ్చు ఎలాంటి చోటో తెలియాలి. అది వ్యాపారపు పట్నం కాదు. ఇంకా చక్రవర్తి పచకుతి కట్టించుకున్న విడిది ఎస్టేటని పరిశోధకుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అక్కడ దొరికిన ఎముకలకి 2021లో కార్బన్ పరీక్ష చేస్తే సుమారు 1420 నుంచి 1530 వరకు మనుషులు ఉన్నట్టు తేలింది. అంటే అంతకుముందు రాసుకున్న చరిత్ర కన్నా కనీసం ఇరవై ఏళ్లు ముందే మొదలైంది. నిండుగా ఉన్న రోజుల్లో కూడా జనాభా 750 దాటి ఉండదని అంచనా. అలాంటి చోటికి వేసిన దారి సంతకి సరుకు తోలే దారిలా ఉండనక్కర్లేదు.

ఇక కొండల సంగతి. ఇంకాల భాష అయిన కెచువా మాట్లాడే ఇక్కడి కొండ జనానికి మంచు శిఖరాలు 'అపు'లు. ఊరిని కాచే, నీళ్లిచ్చే పెద్దలు. ఈ దారిలో పైకెళ్లేకొద్దీ 6,200 మీటర్లు దాటిన సల్కంతాయ్, నదికి అవతల వెరోనికా శిఖరం మలుపు మలుపుకీ కనపడతాయి. లోయలో పోతే రెండు బండల మధ్య ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడదు. మచు పిచ్చుని పవిత్ర శిఖరాల దిక్కులు చూసుకునే కట్టారని జోహన్ రైన్‌హార్డ్ అనే మానవ శాస్త్రవేత్త వాదించారు. ఆ వాదనలోని ప్రతి మాటనీ ఒప్పుకోనక్కర్లేదు. కానీ దారి చూస్తే నాకు అది నిజమనే అనిపిస్తుంది. నాలుగు రోజులూ శిఖరాలు చూపిస్తూ, మచు పిచ్చుని మాత్రం ఆఖరి మలుపు దాకా దాచిపెడుతుంది. ఇంతిపుంకు, అంటే సూర్యద్వారం, దాటితేనే అది మొదటిసారి కంటబడుతుంది. ఇంత చక్కటి ఏర్పాటు కాకతాళీయంగా కుదరదు.

రాయి పక్కన రాయి

ఇంకాల రహదారుల్ని ఖాపక్ న్యాన్ అంటారు. ఇప్పటి కొలంబియా నుంచి ఈక్వడార్, పెరూ, బొలీవియా మీదుగా చిలీ, అర్జెంటీనా దాకా 30,000 కిలోమీటర్ల పైచిలుకు అల్లుకున్న వల అది. 2014లో యునెస్కో దాన్ని వారసత్వ సంపదగా గుర్తించింది. ఇంకా ట్రైల్ ఆ వలలో ఒక చిన్న పోగు. జనం పన్ను డబ్బు రూపంలో కట్టేవాళ్లు కాదు, వంతుల వారీగా పని చేసి తీర్చేవాళ్లు. దాన్ని 'మితా' అనేవారు. దారి వేసిందీ, ఏటా బాగు చేసిందీ ఆ వంతు కూలీలే.

మూడో రోజు నడకలో కాళ్ల కింద ఉండేది చాలావరకు అసలు రాయే. అక్కడ ఒక్కసారి ఆగి వంగి చూడాలి. మెట్లన్నీ ఒక ఎత్తున ఉండవు. కొన్ని జానెడు, కొన్ని మోకాలెత్తు. కొన్నిచోట్ల కొండ రాతినే చెక్కి మెట్లు చేశారు. లోయ వైపు అంచున సున్నం లేకుండా పేర్చిన గోడ దారిని భుజాన మోస్తున్నట్టు నిలబెడుతుంది. కొండ వైపు నుంచి దిగే నీళ్లు దారి మీద పారకుండా, రాళ్ల కిందుగా అవతలికి పోయేలా సన్నటి కాలువలు వదిలారు. దారిలో వచ్చే సయక్‌మార్కా అనే ఇంకాల కట్టడం దాటాక ఒకచోట బండ అడ్డం వస్తే, దానిలో ఉన్న చీలికని వెడల్పు చేసి లోపల మెట్లు చెక్కి సొరంగంలా మలిచారు. ఇదంతా మనిషి పాదం కోసం, లామా గిట్ట కోసం కొలిచి చేసిన పని. లామా పాతిక ముప్పై కిలోలకి మించి మోయదు గానీ మెట్లెక్కుతుంది. స్పెయిన్ వాళ్ల గుర్రాలకి ఆ మెట్లే శత్రువులయ్యాయి.

నీటి లెక్క తెలియకపోతే ఈ దారిగానీ మచు పిచ్చుగానీ ఇన్నేళ్లు నిలిచేవి కావు. మచు పిచ్చు దగ్గర ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కెన్నెత్ రైట్ అనే అమెరికన్ ఇంజినీరు బృందం ఏళ్ల తరబడి అక్కడి నీటి ఏర్పాట్లని కొలిచింది. ఊట నుంచి ఊళ్లోకి 749 మీటర్ల రాతి కాలువ, దాని నుంచి ఒకదాని కిందొకటిగా 16 ధారలు. అంచెల పొలాల్లో పైన మట్టి, దాని కింద ఇసుక, కంకర, అడుగున పెద్ద రాళ్లు. అక్కడ జరిగిన నిర్మాణ శ్రమలో దాదాపు 60 శాతం భూమిలోనే ఉండిపోయిందని వాళ్ల అంచనా. మనం ఫొటోలో చూసేది మిగిలిన 40 శాతమే. దారిలో వచ్చే ఫుయుపతమార్కా, విన్యాయ్ వయ్నా దగ్గర కూడా ఇవే వరుస ధారలు. ఫుయుపతమార్కాలో ఇప్పటికీ తొట్టి నుంచి తొట్టికి నీళ్లు దూకుతున్న చప్పుడు వింటూ నడవొచ్చు.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. సయక్‌మార్కా అంటే చేరరాని ఊరు, ఫుయుపతమార్కా అంటే మేఘాల మీది ఊరు, విన్యాయ్ వయ్నా అంటే ఎప్పటికీ యవ్వనం. వినడానికి పురాణంలా ఉన్నా వీటిలో చాలా పేర్లు 20వ శతాబ్దంలో పెట్టినవే. సయక్‌మార్కాకి బింగమ్ వేరే పేరు పెడితే, 1940ల మొదట్లో తవ్వకాలకి వచ్చిన పాల్ ఫెయోస్ బృందం ఇప్పటి పేరు ఖాయం చేసింది. విన్యాయ్ వయ్నా ఆ కొండల్లో పూసే ఒక ఆర్కిడ్ పేరు. ఇంకాలు వీటిని ఏమని పిలిచారో ఈ పేర్లు చెప్పవు.

కొండెక్కితే ఊపిరెందుకు అందదు

మొదటి రోజు పెద్దగా శ్రమ ఉండదు. నది పక్కనే నడుస్తుంటే కింద పటల్లక్తా అంచెల పొలాలు వంపులు తిరుగుతూ కనపడతాయి. మచు పిచ్చుకి కావలసిన తిండి ఇక్కడ పండించి పంపేవాళ్లని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. మన వంటింట్లో ఆలుగడ్డ కూడా ఈ ఆండీస్ కొండల బిడ్డే. వేల ఏళ్ల క్రితం ఇక్కడి రైతులు మచ్చిక చేసిన దుంప ఐరోపా తిరిగి మన వేపుడులోకి వచ్చింది.

రెండో రోజే అసలు పరీక్ష. సుమారు 3,000 మీటర్ల నుంచి వార్మివన్యుస్కా కనుమ దాకా ఒక్క పూటలో 1,200 మీటర్లు ఎక్కాలి. ఆ పేరుకి 'చనిపోయిన స్త్రీ' అని అర్థం. దూరం నుంచి చూస్తే వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా కొండ ఆకారం ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎవరో అక్కడ చనిపోయారని భయపడనక్కర్లేదు.

ఎత్తు గురించి మనవాళ్లలో రెండు అపోహలున్నాయి. మొదటిది, మచు పిచ్చు చాలా ఎత్తులో ఉందనుకోవడం. అది 2,430 మీటర్లే. విమానం దిగే కుస్కో నగరమే 3,400 మీటర్ల ఎత్తున ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తయిన అర్మ కొండ దాదాపు 1,680 మీటర్లు. కుస్కో దానికి రెండింతలు. సముద్రం ఒడ్డున ఉన్న లీమా నుంచి గంటంపావు విమానంలో అక్కడ దిగుతారు, ఒంటికి సర్దుకునే వ్యవధే ఉండదు. చాలామందికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలయ్యేది ట్రెక్‌లో కాదు, కుస్కో హోటల్ గదిలోనే.

రెండోది, రోజూ పరుగెత్తేవాళ్లకి, జిమ్‌కి వెళ్లేవాళ్లకి ఏమీ కాదనుకోవడం. 4,200 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదాంట్లో సుమారు 60 శాతమే. గాలిలో ఆక్సిజన్ వాటా మారదు గానీ ప్రతి ఊపిరికీ లోపలికి వెళ్లేది తగ్గిపోతుంది. దానికి అలవాటు పడడానికి ఒంటికి రోజులు పడుతుంది. కండబలం ఆ గడువుని తగ్గించదు. పైగా బలమున్నవాళ్లు తొందరగా ఎక్కేసి ఎక్కువ ఇబ్బంది పడుతుంటారు. కుస్కోలో దిగగానే 2,800 మీటర్ల దగ్గరున్న ఒల్లంతాయ్‌తాంబో వైపు దిగిపోయి, అక్కడ రెండు మూడు రోజులుండి నడక మొదలుపెట్టడం మేలు. అసెటజోలమైడ్ మాత్ర చాలామందికి పనికొస్తుంది, కానీ సల్ఫా మందులు పడనివాళ్లున్నారు కాబట్టి డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఆగకపోతే, అడుగు తడబడుతుంటే, మాట తేడాగా ఉంటే ఇక ఆలోచించొద్దు. వెంటనే కిందికి దిగాలి. ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరుతోందనడానికి అవి గుర్తులు.

అక్కడ ప్రతి హోటల్లోనూ కోకా ఆకు టీ ఇస్తారు. ఆండీస్ జనానికి అది వేల ఏళ్ల అలవాటు, మర్యాద కూడా. తాగండి, కానీ ఒక్క ఆకు కూడా సంచిలో వేసుకుని రావద్దు. కోకా ఆకు మన దేశపు మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం, అమెరికాలోనూ అంతే. జ్ఞాపకానికని తెచ్చుకున్న టీ పొట్లం విమానాశ్రయంలో పెద్ద తలనొప్పి తెచ్చిపెడుతుంది.

500 మంది లెక్క

ఈ దారి మీదికి రోజుకి 500 మందినే వదులుతారు. ఈ అంకె చూసి చాలామంది పొరబడతారు. అందులో గైడ్లు, వంటవాళ్లు, మోతవాళ్లు అందరూ కలిసి ఉంటారు. తిరిగి చూడడానికి వచ్చేవాళ్లకి మిగిలేది సుమారు 200 చోట్లే. లైసెన్స్ ఉన్న సంస్థ ద్వారా, గైడ్‌తో మాత్రమే వెళ్లాలి. ఏటా ఫిబ్రవరిలో మరమ్మతుల కోసం దారి మూసేస్తారు. మచు పిచ్చు మాత్రం తెరిచే ఉంటుంది.

అక్కడి పొడి కాలం మే నుంచి సెప్టెంబర్ దాకా. భూమధ్యరేఖకి అవతల కాబట్టి జూన్, జులై నెలలు వాళ్లకి చలికాలం, రాత్రుళ్లు గుడారం బయట నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండొచ్చు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి పిల్లల సెలవులు సరిగ్గా ఆ నెలల్లోనే వస్తాయి, గిరాకీ కూడా అప్పుడే. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లేవాళ్లకి మే నెల సెలవులు బాగా కలిసొస్తాయి. వానలు అప్పుడే ఆగి కొండలు పచ్చగా ఉంటాయి. ఏది ఎంచుకున్నా అనుమతి మాత్రం నెలల ముందే తీసుకోవాలి.

మనకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. అనుమతి పత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరుతో, నంబరుతో ఇస్తారు. ఇంకొకరికి మార్చరు. దారి మొదట్లోనే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా, మరోచోట అసలు లేకుండా ఉంటాయి కదా. బుక్ చేసేటప్పుడు ఆఫీసులో పిలిచే పేరు కాకుండా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఈలోపు పాస్‌పోర్టు మారితే సంస్థకి ముందే చెప్పి, పాతదీ కొత్తదీ రెండూ వెంట పెట్టుకోండి.

అమ్మానాన్నలతో వెళ్తుంటే, నాలుగు రోజులు కుదరకపోతే 104వ కిలోమీటరు దగ్గర మొదలయ్యే ఒక్క రోజు దారి ఉంది. చచాబంబా, విన్యాయ్ వయ్నా చూస్తూ సూర్యద్వారం గుండానే చేరుస్తుంది, ఎత్తూ తక్కువ. దానికీ అనుమతి కావాలి. సల్కంతాయ్ దారికి ఇంత కట్టుదిట్టం లేదు, కానీ అది 4,600 మీటర్లు ఎక్కుతుంది, సూర్యద్వారానికి తీసుకెళ్లదు.

మోసేవాళ్లు

82వ కిలోమీటరు దగ్గర దారి మొదలయ్యే చోట ఒక తూకం ఉంటుంది. మోతవాళ్లు వరుసలో నిలబడి ఒక్కొక్కరూ మూట దించి దాని మీద పెడతారు. గుడారాలు, పొయ్యి, గ్యాస్ బండ, బియ్యం, కోడిగుడ్లు, మడత కుర్చీలు, మనం ఇచ్చిన సంచులు. 20 కిలోలు దాటితే దించేయాల్సిందే. ఆ హద్దు 2001లో వచ్చిన చట్టంతో మొదలైంది. అంతకుముందు దానికి రెట్టింపు బరువులు మోయించినవాళ్లున్నారు. వీళ్లలో ఎక్కువమంది కుస్కో చుట్టుపక్కల కెచువా పల్లెల రైతులు. పొలం పని లేని రోజుల్లో ఈ మోతకి వస్తారు. ఈమధ్య ఆడవాళ్లూ వస్తున్నారు. మనం ఒక కనుమ ఎక్కి ఆయాసపడుతుంటే వాళ్లు మన పక్కనుంచి దాటిపోయి, మనం చేరేసరికి గుడారం వేసి వేడి సూప్ సిద్ధంగా ఉంచుతారు.

వాళ్లకి ఇచ్చే కూలీ, తిండి, పడుకునే చోటు, వానకి తడవని బట్టలు, ఇవన్నీ సంస్థని బట్టి మారతాయి. రాత్రి భోజనాల గుడారంలో కటిక నేల మీద పడుకోవాల్సి వచ్చినవాళ్ల ఫిర్యాదులు ఏళ్ల తరబడి ఉన్నాయి. చాలా చౌకగా దొరికే ప్యాకేజీలో ఆ తగ్గింపు ఎవరి వాటా నుంచి వచ్చిందో అడగాలి. మోతవాళ్లకి రోజుకి ఎంతిస్తారు, వాళ్లకి వేరే గుడారం, పరుపు ఉంటాయా అని బుక్ చేసే ముందే రాతపూర్వకంగా అడగండి. మీ సంచిని 7 కిలోల్లోపు సర్దుకోండి. మనం అదనంగా పెట్టుకునే ప్రతి జత బూట్లూ ఒకరి వీపు మీదికే చేరతాయి.

ఇది ఈనాటి సంగతే కాదు. మచు పిచ్చు సమాధుల్లో దొరికిన 34 మంది డీఎన్ఏని పరిశీలించి 2023లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు ఆ కొండల వాళ్లు మాత్రమే కాదు, సముద్ర తీరం నుంచి అమెజాన్ అడవుల దాకా రాజ్యం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు. రాజుగారి విడిదిలో వండి, మోసి, కట్టి, అక్కడే కన్నుమూసిన పనివాళ్లు.

నాలుగో రోజు ట్రెక్కర్లని తెల్లవారుజామున మూడున్నరకే లేపుతారు. సూర్యోదయం చూడడానికే అంత తొందరని చాలామంది అనుకుంటారు. విన్యాయ్ వయ్నా దగ్గర గేటు తెరిచేది ఐదున్నరకి, దాని ముందు చీకట్లో బెంచీల మీద కూర్చుని ఎదురుచూడడమే. అసలు తొందర మోతవాళ్లది. స్థానికులకి ఉండే తక్కువ టికెట్టు రైలు పొద్దున్నే వెళ్లిపోతుంది. దాన్ని అందుకోవాలంటే మనం లేచిన మరుక్షణం గుడారాలు విప్పి, మూటలు కట్టుకుని, చీకట్లోనే నది దగ్గరికి పరుగున దిగాలి. మనం సూర్యద్వారం వైపు పైకి మళ్లే సమయానికి, నాలుగు రోజులు మన బరువు మోసినవాళ్లు మెడలో దీపాలు వేలాడేసుకుని రైలు పట్టాల వైపు కిందికి దిగుతుంటారు. ఈ దారిలో వందలసార్లు నడిచి కూడా మచు పిచ్చు లోపల అడుగు పెట్టనివాళ్లు వాళ్లలో ఉన్నారు.